రైలు రానివ్వండి, పాలేరు ఆయకట్టును తప్పించండి

కేంద్ర రైల్వే మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రైల్వే శాఖ మంత్రి శ్రీ అశ్వినీ వైష్ణవ్ గారికి,

ఖమ్మం జిల్లా పాలేరు ఆయకట్టు రైతుల తరఫున రాస్తున్న విన్నపం ఇది.

డోర్నకల్–మిర్యాలగూడ కొత్త రైలు మార్గం కోసం మీ శాఖ చేయించిన సర్వేలో గీత మా పొలాల మీదుగా వెళ్తోంది. ఖమ్మానికి ఎగువన పాపటపల్లి దగ్గర మెయిన్ లైన్‌ను వదిలి, పాలేరు నియోజకవర్గపు పల్లెలను దాటుకుని, సూర్యాపేట జిల్లా జాన్‌పహాడ్ దగ్గర మోటుమర్రి–విష్ణుపురం లైన్‌ను అందుకోవాలన్నది ఆలోచన. లైన్ రద్దు చేయమని మేము అడగడం లేదు. దారి మార్చమని అడుగుతున్నాం. డోర్నకల్ నుంచి మరిపెడ, మోతె వైపుగా వెళ్ళే దారిని కూడా సర్వే చేయడానికి అనుమతి ఇవ్వండి. రెండు దారుల లెక్కలూ పక్కపక్కన పెట్టి జనానికి చూపించండి. ఆ తర్వాతే ఏదో ఒకటి ఖాయం చేయండి. రైల్వే చట్టం సెక్షన్ 20ఏ కింద భూసేకరణ నోటిఫికేషన్ వెలువడక ముందే ఇదంతా జరగాలి. మా జిల్లా మంత్రులూ, ఎంపీ గారూ దారి మార్పు సంగతి మీకు ఇదివరకే విన్నవించారు. ఎందుకు మార్చాలో పొలం గట్టు మీద నిలబడ్డవాళ్ళ మాటల్లో వివరంగా చెప్పడానికే ఈ ఉత్తరం.

ముందుగా ఒక అపోహ తొలగాలి. ఖమ్మం రైతుకు రైలంటే పడదని ఎవరైనా మీకు చెప్పి ఉంటే అది నిజం కాదు. కాజీపేట–విజయవాడ లైన్ పక్కనే పుట్టి పెరిగిన జిల్లా మాది. డోర్నకల్ జంక్షన్ నుంచి కొత్తగూడెం వైపు చీలిన లైన్ సింగరేణి బొగ్గును దేశానికి మోసింది. మా మిర్చి ఏ రాష్ట్రానికి వెళ్ళాలన్నా, మా పిల్లలు చదువుకు, కొలువుకు హైదరాబాదు చేరాలన్నా ఖమ్మం స్టేషనే దిక్కు. రైలు విలువ మాకెవరూ చెప్పనక్కర్లేదు. అందుకే రైలు వద్దని జెండా పట్టుకోలేదు. ఎటు వెళ్తే ఎక్కువమందికి మేలు, ఎటు వెళ్తే తక్కువ నష్టం అన్న లెక్క తేల్చమంటున్నాం.

ఇక ఆ భూమి సంగతి. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ నాగార్జునసాగర్ కాల్వలకు నీళ్ళు వదిలారు. ఎడమ కాల్వ నీళ్ళు పాలేరు రిజర్వాయరుకు చేరి, అక్కడి నుంచి కిందికి సాగుతాయి. అంతకుముందు వాన మీద, బావి మీద ఆధారపడ్డ చెలకలు తరి పొలాలయ్యాయి. కాల్వ ఎక్కని మెరక భూములకు నీళ్ళందించడానికి అదే రిజర్వాయరు నుంచి నీళ్ళు తోడే భక్త రామదాసు ఎత్తిపోతల పథకం 2017 జనవరిలో మొదలైంది. దాని లక్ష్యం దాదాపు 60 వేల ఎకరాలు. అంటే ఈ నేలను తడపడానికి ప్రభుత్వాలు యాభై ఏళ్ళకు పైగా ప్రజాధనం పోశాయి. కాల్వకు, పిల్లకాల్వకు, పంపుహౌసుకు, కరెంటు లైనుకు, చివరికి ఒక్కో మడికి నీళ్ళు మళ్ళించే తూముకు కూడా ఖర్చయింది. ఆ సొమ్ము తెచ్చిన ఫలితమే ఇవాళ రెండు పంటల వరి, మిర్చి, పత్తి, చెరుకు. ఇప్పుడు అదే నేల మీద మట్టికట్ట వేస్తే, ఒక శాఖ కట్టినదాన్ని ఇంకో శాఖ చేత్తో చెరిపినట్టవుతుంది. రెండూ ప్రజల సొమ్మే.

ఆ కాల్వ వచ్చినప్పుడు భూమి ఇచ్చిందీ రైతులే. ఇచ్చినందుకు నీళ్ళు వచ్చాయి గనుక ఆ త్యాగానికి అర్థం ఉంది. ఆ తర్వాత జిల్లాలో రోడ్ల వంతు వచ్చింది. సూర్యాపేట–ఖమ్మం నాలుగు వరుసల రోడ్డు, ఖమ్మం–దేవరపల్లి గ్రీన్‌ఫీల్డ్ హైవే, మంచిర్యాల–వరంగల్–ఖమ్మం–విజయవాడ గ్రీన్‌ఫీల్డ్ హైవే ఒకదాని వెనక ఒకటి భూమి అడిగాయి. గ్రీన్‌ఫీల్డ్ రోడ్డంటే పాత బాటను వెడల్పు చేయడం కాదు, కొత్తగా చేలను చీల్చుకుంటూ వెళ్ళేది. దానికి పొలం పోయిన రైతుకు ఆ రోడ్డెక్కే దారి కూడా పక్కన ఉండదు. ఇన్ని తీసుకున్నాక రైలు కోసం మళ్ళీ ఈ జిల్లా తరి భూముల మీదే గీత గీయడం న్యాయమా అన్నది మా మొదటి ప్రశ్న.

రైలు కట్టకు ఎంత భూమి కావాలి? ఒంటి లైనుకు ఇరవై అడుగులు చాలదా అని ఊళ్ళో అడుగుతుంటారు. చాలదు. మీ ఇంజనీర్ల ప్రమాణాల ప్రకారం ఒంటి బ్రాడ్‌గేజ్ లైనుకు కట్ట పైభాగమే 7.85 మీటర్లు. పక్కల వాలు రెండుకు ఒకటి. అంటే కట్ట ఒక మీటరు ఎత్తు పెరిగితే అడుగున నాలుగు మీటర్లు వెడల్పు పెరుగుతుంది. ఆరు మీటర్ల కట్ట అడుగున దాదాపు 32 మీటర్లు పరుచుకుంటుంది. దానికి అటూ ఇటూ మురుగు కాల్వలు, నిర్వహణ దారి, రేపు రెండో లైను వేయాల్సి వస్తే దానికి జాగా. అన్నీ కలిపి 40 మీటర్లే అనుకున్నా కిలోమీటరుకు దాదాపు పదెకరాలు పోతాయి. మా దగ్గర ఎకరం, ఎకరంన్నర ఉన్న రైతులే ఎక్కువ. పదెకరాలంటే కాగితం మీద చిన్న అంకె, ఊళ్ళో ఏడు నుంచి పది కుటుంబాల బతుకు.

తరి నేలలో ఈ కట్ట మరింత ఎత్తు లేస్తుంది. కొత్త లైన్ల మీద మీ శాఖ లెవెల్ క్రాసింగులు పెట్టడం లేదు. ప్రాణాలు కాపాడే మంచి నిర్ణయమే. కానీ గేటు లేనప్పుడు బండ్ల బాటకు కట్ట కింద నుంచి దారి ఇవ్వాలి. కింద దారి ఇవ్వాలంటే కట్ట ఎత్తు పెంచాలి, లేదా బాటను గుంతలోకి దించాలి. ఎత్తు పెంచితే ఇంకా భూమి పోతుంది. గుంతలోకి దించితే వానాకాలం అంతా అందులో నీళ్ళు నిలుస్తాయి. రైల్వే అండర్‌పాసుల్లో మోకాలిలోతు నీళ్ళు నిలవడం ఊరూరా చూస్తున్నదే. వరికోత మిషన్ ఆ దారిలో పట్టాలి. గడ్డి నింపిన ట్రాక్టరు పట్టాలి. పట్టకపోతే రెండు కిలోమీటర్లు చుట్టు తిరిగి తన పొలానికి తానే పోవాలి. పోయిన భూమికి పరిహారం లెక్క కడతారు. మిగిలిన భూమిలో సాగు ఖర్చు ఏటా పెరుగుతూ పోతే దాన్ని ఎవరు లెక్క కడతారు?

చేలు గీతను చూసి పుట్టలేదు. గీత చేలను ఏటవాలుగా కోసినప్పుడు ఒక మడి మూడు మూలలవుతుంది. ఒక ముక్కలో బోరు, ఇంకో ముక్కలో ట్రాన్స్‌ఫార్మరు, కట్టకు అవతల కల్లం. పదిహేను గుంటల త్రికోణపు ముక్కలో నాగలి తిరగదు, మిషన్ తిరగదు, కౌలుకు ఎవరూ తీసుకోరు. పిల్లకాల్వ కట్ట కిందికొచ్చి ఆగితే, దాని కింద ఉన్న చివరి భూములకు నీళ్ళు అందవు. వాళ్ళ పొలం సెంటు కూడా పోలేదు గనుక పరిహారం జాబితాలో వాళ్ళ పేరు ఉండదు. ఆయకట్టులో నష్టం సర్వే నంబర్ల హద్దుల దగ్గర ఆగదు.

నీళ్ళ విషయం మీకు విడమరిచి చెప్పాల్సిన పని లేదు. 1999 పెను తుపానును బాలాసోర్ కలెక్టరుగా దగ్గర నుంచి చూసినవారు మీరు. మాకు ఆ అనుభవం 2024 సెప్టెంబరు 1న ఎదురైంది. మున్నేరు ఖమ్మం నగరంలోకి వచ్చింది. పాలేరు రిజర్వాయరు పొంగింది. సాగర్ ఎడమ కాల్వకు గండ్లు పడ్డాయి, వాటిని పూడ్చేదాకా దిగువ ఆయకట్టుకు నీళ్ళు ఆగాయి. అదే వానకు మహబూబాబాద్ జిల్లాలో కేసముద్రం–ఇంటికన్నె మధ్య మీ రైలు కట్టే కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడాయి. కాజీపేట–విజయవాడ మధ్య రైళ్ళు కొన్ని రద్దయ్యాయి, కొన్ని చుట్టు తిరిగాయి. ఎన్నో దశాబ్దాలుగా వాగుల స్వభావం ఎరిగిన పాత లైనుకే ఆ గతి పట్టింది. పాలేరు వాగును దాటి, కాల్వల వలలాంటి నేలను అడ్డంగా కోసుకుంటూ వెళ్ళే కొత్త కట్ట ఏమవుతుంది? కట్ట నిలిస్తే ఎగువ ఊళ్ళు మునుగుతాయి. కట్ట తెగితే దిగువ పొలాలు ఇసుక మేటలవుతాయి. ఈ రెండింటిలో ఏదీ జరగదని చెప్పాలంటే 2024 వరద లెక్కతో తూములూ, వంతెనలూ వేయాలి. ఆ లెక్కతో వేస్తే ఈ దారి ఖర్చు ఇప్పుడు అనుకుంటున్నంత తక్కువ ఉండదు.

ఇవన్నీ భూసేకరణ సమయంలో విచారిస్తాం కదా అని మీ అధికారులు అనవచ్చు. చట్టాన్ని చదివితే ఆ భరోసా మిగలడం లేదు. 2013 భూసేకరణ చట్టం తెచ్చినప్పుడు రైతులకు రెండు పెద్ద రక్షణలు ఇచ్చామన్నారు. భూమి తీసుకునే ముందు సామాజిక ప్రభావం అంచనా వేయాలన్నది ఒకటి. బహుళ పంటల మాగాణిని చిట్టచివరి మార్గంగానే తీసుకోవాలన్నది రెండోది. రైల్వేలకు ఈ రెండూ వర్తించవు. రైల్వే చట్టం కింద జరిగే సేకరణను 2013 చట్టంలోని నాలుగో షెడ్యూలు పక్కన పెట్టింది. పరిహారం, పునరావాసం లెక్కలను 2015లో రైల్వేలకూ వర్తింపజేశారు గానీ సామాజిక ప్రభావ అంచనాను వర్తింపజేయలేదు. ఇక మాగాణి రక్షణ ఇచ్చే సెక్షన్ 10 చివర్లో రైల్వేలు, హైవేలు, కాల్వల వంటి పొడవాటి ప్రాజెక్టులకు ఇది వర్తించదని స్పష్టంగా రాశారు.

రైల్వే చట్టానికి 2008లో చేర్చిన సెక్షన్ల తీరు చూడండి. 20ఏ నోటిఫికేషన్ వచ్చిన రోజు నుంచి అభ్యంతరం చెప్పుకోవడానికి 30 రోజులు. 20డీ కింద అధికారి వింటారు. 20ఈ ప్రకటన వెలువడితే ఆ భూమి కేంద్ర ప్రభుత్వానిదైపోతుంది. విచారణాధికారి ముందు నిలబడ్డ రైతు తన సర్వే నంబరు గురించి మాట్లాడగలడు. మొత్తం గీత పది కిలోమీటర్లు అటు జరిగితే మేలని అతను చెప్పినా ఆ అధికారి చేతిలో ఏముంటుంది? దారి అప్పటికే ఢిల్లీలో ఖాయమై ఉంటుంది. పొడవాటి ప్రాజెక్టు గనుక మాగాణిని తప్పించాలన్న షరతు పెట్టలేమని చట్టం అనుకుని ఉండవచ్చు. కానీ దారి ఎటు వంచాలో నిర్ణయించేది సర్వే దశే గనుక, ఆ షరతును మనస్సాక్షిగా పాటించాల్సిన చోటు కూడా అదే. చట్టం మూసిన తలుపును మీరు సర్వే దశలో తెరవగలరు. మాకు మిగిలిన ఒకే ఒక్క అవకాశం అది.

దారి మార్చమంటే ఎటు మార్చాలో కూడా చెప్పాలి. మీ శాఖే సర్వేకు తీసుకున్న ఇంకో లైను ఉంది. డోర్నకల్ నుంచి సూర్యాపేట, నల్లగొండ, నాగర్‌కర్నూల్, వనపర్తి మీదుగా గద్వాల దాకా 296 కిలోమీటర్ల కొత్త మార్గం. డోర్నకల్–మిర్యాలగూడ లైనూ, డోర్నకల్–గద్వాల లైనూ రెండూ ఒకే జంక్షన్ ప్రాంతంలో మొదలై, రెండూ పడమరకే వెళ్తున్నాయి. మొదటి కొంతదూరం ఈ రెండింటికీ వేరువేరు కట్టలు ఎందుకు? డోర్నకల్ నుంచి మరిపెడ, మోతె వైపు ఒకే కట్ట మీద తీసుకెళ్ళి, అక్కడి నుంచి ఒక పాయను సూర్యాపేట మీదుగా గద్వాలకూ, ఇంకో పాయను మిర్యాలగూడకూ మళ్ళిస్తే ఒకే భూసేకరణతో, ఒకే వరుస వంతెనలతో కొంతదూరం రెండు పనులూ అవుతాయి. సూర్యాపేట 2016లో జిల్లా కేంద్రమైంది. హైదరాబాద్–విజయవాడ హైవే మీద ఉన్న అంత పెద్ద పట్టణానికి ఇప్పటికీ రైలు స్టేషన్ లేదు. మరిపెడ ప్రాంతానికీ రైలు లేదు. కొత్త లైను రైలు లేని ఊరికి వెళ్తేనే దానికి అర్థం.

పాలేరు ప్రాంతానికి స్టేషన్ వస్తే మేలే కదా అని కొందరు మా వాళ్ళే అంటున్నారు. వాళ్ళ మాట కొట్టివేయం. కానీ నేలకొండపల్లి నుంచి ఖమ్మం స్టేషన్ పాతిక కిలోమీటర్ల లోపే ఉంది. రోడ్డు బాగుంది, బస్సులున్నాయి. ఒక స్టేషను కోసం రెండు పంటల నేలను కోసుకునేంత కరువు ఇక్కడ లేదు. ఆ కరువు సూర్యాపేటలో ఉంది.

సరుకు రవాణా సంగతి కూడా దాచకుండా మాట్లాడుకుందాం. దామరచర్ల దగ్గర 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం వచ్చింది. దానికి బొగ్గు కావాలి. హుజూర్‌నగర్, మేళ్ళచెరువు వైపు సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి. మిర్యాలగూడలో రైసు మిల్లులున్నాయి. కొత్తగూడెం నుంచి బొగ్గు అటు చేరడానికి కొత్త లైను దూరం తగ్గిస్తుందన్నది నిజమే. అయితే ఆ బొగ్గుకు దారి లేకపోలేదు. ఖమ్మం దాటాక మోటుమర్రి దగ్గర చీలి జగ్గయ్యపేట, మేళ్ళచెరువు, జాన్‌పహాడ్ మీదుగా విష్ణుపురం చేరే లైను ఉండనే ఉంది. దాన్ని రెండు లైన్లు చేయడానికి 2024 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గమే ఆమోదం ఇచ్చింది. 88.81 కిలోమీటర్ల డబ్లింగు, మోటుమర్రి దగ్గర మెయిన్ లైను రైళ్ళకు అడ్డం లేకుండా పట్టాల మీదుగా పట్టాలు వేసే 10.87 కిలోమీటర్ల వంతెన మార్గం అందులో ఉన్నాయి. గుంటూరు–బీబీనగర్ 239 కిలోమీటర్ల డబ్లింగుకు 2023 ఆగస్టులోనే అనుమతి వచ్చింది. ఈ రెండూ పూర్తయితే మెయిన్ లైనుకూ మిర్యాలగూడ వైపు లైనుకూ మధ్య సరుకు బండ్లకు రెండు వరుసల దారి సిద్ధమవుతుంది. అదే పనికి, దానికి కాస్త పైన, తరి పొలాల్లోంచి మూడో గీత దేనికి? ఈ డబ్లింగు పూర్తయ్యాక ఇంకా ఎన్ని బండ్లకు దారి చాలదో లెక్కకట్టి చెప్పండి. ఆ లెక్క చూశాక మాట్లాడుకుందాం.

ఇప్పుడు మాకు మేమే వేసుకోవాల్సిన కష్టమైన ప్రశ్న. మా పొలం మీది గీతను మరిపెడ, మోతె రైతుల పొలాల మీదికి తోసేయమని అడుగుతున్నామా? అక్కడా చిన్న రైతులే ఉన్నారు. తండాల్లో గిరిజనులున్నారు. వాళ్ళకూ చేనే ఆధారం. మా భారం వాళ్ళ నెత్తిన పెట్టి చేతులు దులుపుకుంటే అది న్యాయం అనిపించుకోదు. అందుకే ఫలానా దారే ఖాయం చేయమని అడగడం లేదు. సర్వే చేసి, పోల్చి, చూపించమంటున్నాం. గద్వాల లైను ఎలాగూ అటు వెళ్ళేదే అయితే, ఆ రైతులు ఒక లైనుకు భూమి ఇచ్చాక ఇంకో లైను మా దగ్గర వేరేగా భూమి తీసుకోవడం వల్ల వాళ్ళకు ఒరిగేదేమీ లేదు. కలిపి వేస్తే పోయే మొత్తం భూమి తగ్గుతుందన్నది మా నమ్మకం. ఆ నమ్మకం తప్పని మీ సర్వే తేలిస్తే ఆ కాగితం మా ముందు పెట్టండి. పాత రోడ్ల వెంట, ప్రభుత్వ భూముల వెంట, చెలకల వెంట దారి వంచడానికి అక్కడ ఎంత వీలుందో కూడా అందులో ఉండాలి. వాళ్ళ గ్రామసభల్లో కూడా ఆ లెక్క చదివి వినిపించాలి.

మార్పు అంటే జాప్యం అన్న భయం మీ అధికారులకు ఉండవచ్చు. నిజానికి జాప్యం దారి ముందుగా తేల్చకపోవడం వల్లే వస్తుంది. కడప–బెంగళూరు లైను 2008–09లో మంజూరైంది. కడప నుంచి పెండ్లిమర్రి దాకా 21 కిలోమీటర్ల ముక్క పూర్తయింది. మిగతాది ఎటు వెళ్ళాలన్న వాదన ఆ తర్వాత లేచింది. రాయచోటి, మదనపల్లె మీదుగానా, ముద్దనూరు, పులివెందుల, ముదిగుబ్బ వైపుగానా అని తర్జనభర్జన పడేలోగా ఏళ్ళు గడిచాయి. కొంకణ్ రైల్వే గోవాలో పని మొదలయ్యాక దారి మీద గొడవ లేస్తే 1993లో కేంద్రం పని ఆపి జస్టిస్ ఓజా కమిషన్ వేయాల్సి వచ్చింది. పని సగం అయ్యాక వేసే విచారణ దారిని పెద్దగా మార్చలేదు, ఖర్చును మాత్రం పెంచుతుంది. ఇక్కడ ఇంకా కట్ట పడలేదు, కంకర రాలేదు. ఇవాళ గీత జరపడానికి కొన్ని నెలల సర్వే, కొంత సొమ్ము చాలు. 20ఈ తర్వాత అదే పనికి కోర్టులు, ధర్నాలు, పదేళ్ళు పడతాయి.

కొత్త సర్వేకు సాధనాలు లేవనడానికీ లేదు. 2021 అక్టోబరులో ప్రధాని ప్రారంభించిన గతిశక్తి వేదిక ఉద్దేశమే అది. రోడ్లు, అడవులు, జలవనరులు, గ్యాస్ పైపులు, కరెంటు లైన్లు అన్నీ ఒకే పటం మీద పొరలు పొరలుగా పెట్టి, శాఖలు ఒకదానికొకటి అడ్డం రాకుండా ప్లాను వేయాలన్నారు. ఆ పటం మీద పాలేరు ఆయకట్టు పొరను, భక్త రామదాసు ఎత్తిపోతల పొరను, 2024 సెప్టెంబరు వరద మునక పొరను పరిచి ఈ రెండు దారులనూ గీసి చూడండి. మా కన్నా ఆ పటమే బాగా వాదిస్తుంది.

సర్వే బృందాలు వచ్చి గుర్తులు పెట్టిన రోజు నుంచే పొలం మీద నీడ పడుతుందని ఢిల్లీకి తెలియకపోవచ్చు. గుర్తు పడ్డ చేనును ఎవరూ కొనరు. కూతురి పెళ్ళికో, పెద్దవాళ్ళ ఆపరేషనుకో అరెకరం అమ్ముకుందామన్నా బేరం రాదు. కొత్త బోరు వేయాలా వద్దా, తోట పెట్టాలా వద్దా తేల్చుకోలేక రైతు ఆగిపోతాడు. నోటిఫికేషన్ లేదు గనుక పరిహారం లేదు, గీత ఉంది గనుక భరోసా లేదు. కౌలు రైతు పరిస్థితి ఇంకా అధ్వానం. పాసుపుస్తకం అతని పేరున లేదు. పొలం పోతే పరిహారం పట్టాదారుకు వెళ్తుంది, కౌలుదారుకు వచ్చే సీజను సాగే పోతుంది. అందుకే అవునో కాదో తొందరగా తేల్చడం కూడా మా విన్నపంలో భాగమే.

కాబట్టి మేము కోరేవి ఇవి.

ఒకటి, పాపటపల్లి–జాన్‌పహాడ్ గీత మీద 20ఏ నోటిఫికేషన్ ఇవ్వకుండా దక్షిణ మధ్య రైల్వేకు ఆదేశం ఇవ్వండి.

రెండు, డోర్నకల్–మరిపెడ–మోతె దారిని, డోర్నకల్–గద్వాల లైనుతో కొంతదూరం కలిపి వేసే వీలుతో సహా, సర్వే చేయడానికి అనుమతి ఇవ్వండి.

మూడు, రెండు దారులకూ పోయే తరి భూమి, చెలక భూమి, బావులు, బోర్లు, ఇళ్ళు, కాల్వ దాటే చోట్లు, వంతెనలు, అండర్‌పాసులు, మొత్తం ఖర్చు విడివిడిగా చూపే పోలిక పత్రం తెలుగులో ప్రచురించండి. సర్వే నంబర్లతో సహా పటాలు గ్రామపంచాయతీల్లో పెట్టించండి.

నాలుగు, 2024 వరద నీటిమట్టాలను రాష్ట్ర నీటిపారుదల శాఖ నుంచి తీసుకుని, తూములూ వంతెనల లెక్కను వాటితో సరిచూడండి.

ఐదు, మోటుమర్రి–విష్ణుపురం డబ్లింగు పూర్తయ్యాక కొత్త లైనుకు మిగిలే సరుకు ఎంతో చెప్పండి.

ఆరు, రెండు దారుల్లోని గ్రామాల్లోనూ గ్రామసభలు పెట్టి అక్కడ వచ్చిన మాటలను ప్రాజెక్టు నివేదికలో చేర్చండి. చట్టం అడగకపోయినా అడ్డు చెప్పదు.

ఏడు, ఎక్కడ తరి భూమి తప్పనిసరిగా తీసుకోవాల్సి వచ్చినా కౌలు రైతును, కాల్వ తెగిపోయి నీళ్ళు అందకుండాపోయే చివరి భూముల రైతును కూడా నష్టపోయినవాళ్ళ లెక్కలో చేర్చండి.

ఈ ఏడింటిలో చట్టం మార్చాల్సింది ఒక్కటీ లేదు. మొదటి ఆరింటికి మీ సంతకం చాలు, ఏడోదానికి రాష్ట్ర ప్రభుత్వంతో మాట కలపాలి. రైల్వే బోర్డు ఒకసారి గీసిన గీతను వెనక్కి తీసుకుంటే శాఖ పరువు తగ్గుతుందని ఎవరైనా సలహా ఇస్తే నమ్మకండి. పోల్చి చూసి దారి మార్చిన శాఖను రైతు గౌరవిస్తాడు. పోల్చి చూశాక కూడా పాత దారే మేలని తేలితే, ఆ కారణాలు మా ఊళ్ళకు వచ్చి చెప్పండి. వినడానికి మేము సిద్ధం. చూడకుండానే ఖాయం చేస్తే మాత్రం ఒప్పుకోవడం మా వల్ల కాదు.

డోర్నకల్ నుంచి మిర్యాలగూడకు రైలు వెళ్ళాలనే మేమూ కోరుకుంటున్నాం. అది సూర్యాపేట వైపు జనాన్ని ఎక్కించుకుని వెళ్ళాలి. పాలేరు ఆయకట్టు ఎప్పటిలాగే రెండు పంటలు పండించాలి. ఈ రెండూ ఒకేసారి సాధ్యమయ్యే దారి ఉందో లేదో సర్వే చేయించి తేల్చమనే మా విన్నపం. నోటిఫికేషన్ కంటే ముందు మీ జవాబు వస్తుందని ఆశిస్తూ,

ఇట్లు,
పాలేరు ఆయకట్టు రైతుల తరఫున
ఒక రైతు